పేగు అడిగినప్పుడు

ధర్మరాజు గారు లేచేటట్టు లేరు. కుర్చీని మంచం కాళ్ళ వైపు వేసుకుని, కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, పైన వేలాడే సెలైన్ సీసా వంక చూస్తూ కూర్చున్నారు. మంచంలో పడుకున్న ఆడమనిషి ముఖంలోకి తేరిపార చూడకూడదని ఆయన మర్యాద. ఆయన మా వియ్యంకుడు, మా అమ్మాయి యామినికి మామగారు. పొద్దున్నే రాజోలులో మొదటి బస్సెక్కి, గెలతో సహా బొండాలు పట్టించుకుని అమలాపురం వచ్చి, ఈ ఆసుపత్రి మేడ మీది గదిలో అప్పటి నుంచీ ఇలాగే ఉన్నారు. కిటికీలోంచి ఎండ మంచం అంచు దాకా వచ్చింది. అది గోడ ఎక్కే వేళకి డాక్టరు ఉమాదేవి గారు రౌండుకి వస్తారు. ఆలోపు మా ఆవిడ కనకమహాలక్ష్మి పొట్టలోంచి గాలి బయటికి పోవాలి. పోతే గుక్కెడు నీళ్ళు. పోకపోతే కాకినాడ, స్కానింగు, బహుశా మళ్ళీ కోత. ఇంత సూటి బేరం నా వ్యాపారంలో ఎవరూ నా ముందు పెట్టలేదు. ఎక్కువ లేదు, తక్కువ లేదు, అరువు లేదు.

మెలిపడ్డ పేగుని మొన్న సరిచేశారు. పేగు చచ్చుపడలేదు, అదృష్టం అన్నారు. నిన్నంతా డాక్టరు గారు పొట్ట మీద గొట్టం పెట్టి వింటే ఏమీ పలకలేదు. ఆవిడ వింటుంటే నేను ఆవిడ ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. నేను కురిడీ కొబ్బరి వ్యాపారిని. రైతు అటక మీద ఏడాది పొడుగునా ఎండబెట్టిన కాయని పగలగొట్టకుండా లోపల సంగతి తెలుసుకోవాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. నీళ్ళు పలికితే ఇంకా పచ్చి. ఏమీ పలక్కపోతే ఎక్కడో తేడా. లోపలి గుండు విడిపోయి చిప్పకి కొట్టుకుంటూ లొడలొడమంటే అదీ కురిడీ. విని, కాయని పక్కన పెట్టేసే ముందు నా ముఖం కూడా అలాగే ఉంటుందని మా ఆవిడే ఎప్పుడో అంది. ఈ పొద్దున మాత్రం డాక్టరు గారి కనుబొమల ముడి వీడింది. "పేగు పలుకుతోందండి" అన్నారు. అంటే సరుకు బాగానే ఉంది. మరి సరుకు తయారై ఉండి బయటికి కదలడం లేదంటే కారణాలు రెండే. దారి లేకపోవాలి, లేదా ఎవరో పట్టుకుని ఉండాలి. దారి లేదేమోనని డాక్టరు గారి అనుమానం. అందుకే కాకినాడ అంటున్నారు. నాకు మాత్రం మధ్యాహ్నం నుంచీ రెండోది తోస్తోంది.

అది తోచడానికి కారణం సత్యశ్రీ. మా బావమరిది కూతురు, ఉప్పలగుప్తంలో పశువుల డాక్టరు. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. చేతి సంచీలోంచి ఇంకా పాక వాసన వస్తూనే ఉంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. చెయ్యి ఎత్తమని తల చెబితే చెయ్యి లేస్తుంది, మరి పేగుకి ఎవరు చెబుతారే అని అడిగాను. కుదురుగా కూర్చుంటే భయమేస్తోంది, అందుకని ఏదో ఒకటి అడగడం.

"ఎవరూ చెప్పక్కర్లేదు మావయ్యా. దాని బుర్ర దానికుంది."

"పేగుకి బుర్రేంటే."

"ఉందండీ బాబూ. పేగు గోడలో కండ రెండు పొరలుగా ఉంటుంది. ఆ రెండింటి మధ్యా నరాలు వలలాగా అల్లుకుని ఉంటాయి. మేత ముద్ద వచ్చి గోడకి తగిలిందనుకోండి, వెనక బిగించాలి, ముందు వదలాలి అని ఆ వలే తేల్చుకుంటుంది. గేదె నిద్దరోతున్నా అంతే. కోసి బల్ల మీద పెట్టిన పేగు కూడా కాసేపు అలా పాకుతూనే ఉంటుంది, మా కాలేజీలో చూసేను."

"మరి మీ అత్తయ్యది ఎందుకాగింది?"

"చేతులు తగిలేయి కదా. బెదిరింది. చిన్నపేగు ముందు తేరుకుంటుంది, పెద్దపేగు ఆఖర్న. కంగారు పడకండి. అయినా నేను పశువుల డాక్టర్ని, నా మాట అత్తయ్యకి చెప్పేరంటే నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

నాకు మా గిడ్డంగి గుర్తొచ్చింది. నేను ఊళ్ళో లేకపోయినా ఒలిచేవాడు ఒలుస్తాడు, ఏరేవాడు ఏరతాడు, బస్తా కుట్టేవాడు కుడతాడు. నేను ఫోన్ చేసి కానీండి అంటే కాస్త జోరుగా, ఆగండి అంటే ఆగుతారు, అంతే నా పెత్తనం. పేగు సంగతీ అంతేనట. తలలోంచి మెడ మీదుగా దిగే పెద్ద నరం ఒకటి కానీ, కానీ అంటూ ఉంటుంది. వెన్నులోంచి వచ్చే నరాలు ఆగు అంటాయి. భయం, నొప్పి, కోత, అన్నీ ఆగు అనే వైపే. అయితే చిన్నప్పుడు గోదావరి దాటేటప్పుడు పంటు మీదికెక్కించిన గేదెలు ఒడ్డు వదలగానే ఎందుకలా పేడ వేసేవి? పంటు మీద అందరం పంచెలెత్తి పట్టుకుని ఓ పక్కకి చేరేవాళ్ళం. అదీ అడిగాను. బెదిరితే పైన ఆగుతుంది గానీ కింద వదిలేస్తుంది మావయ్యా, బరువు దింపుకుని పరిగెత్తాలి కదా అంది. నడిగోదాట్లో ఎక్కడికి పరిగెడుతుందో గేదెకే తెలియాలి. గేదె శరీరం మాత్రం దాని లెక్క అది వేసుకుంది. మా ఆవిడ గేదెకి పూర్తిగా ఎదురు. భయమేసినా, నొప్పేసినా, ఏమొచ్చినా ఆవిడ పట్టుకుని ఉండే మనిషి. యామిని సీమంతానికి వియ్యాలవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నడుం మీద ఒక చెయ్యి నొక్కిపెట్టి, రెండో చేత్తో వడ్డించింది. ఏవిటలా ఉన్నావంటే ఏం లేదండీ, కాస్త వాయువు అంది. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగాకే గుమ్మంలో కూలబడింది.

సత్యశ్రీ వెళ్ళబోతూ చెప్పిన మాటే ఇప్పుడు నన్ను నిలవనివ్వడం లేదు. పేగు చివర బస్తా మూతికి రెండు కట్లున్నట్టు రెండు కండరాలు ఉంటాయిట. లోపలి కట్టు మన మాట వినదు. బరువు తగలగానే దానంతటదే వదులవుతుంది. బయటి కట్టు మన చేతిలో ఉంది. ఆ రెండు కట్ల మధ్య ఉన్న కాస్త చోటుకి మన వేలికొసలకి ఉన్నంత తెలివి. వచ్చింది గాలో, నీళ్ళో, గట్టిదో తాకి చూసి పైకి కబురు చేస్తుంది. అప్పుడు తల ఆలోచిస్తుంది, ఇది చోటేనా, వేళేనా అని. కాదనుకుంటే బయటి కట్టు బిగుస్తుంది. గేదెకి కూడానా అంటే, "గేదెకీ ఉంది మావయ్యా. కాకపోతే దానికి మొహమాటపడాల్సిన చుట్టాలు లేరు. కుక్కా పిల్లీ నయం, అవి చోటు వెతుక్కుంటాయి" అంది. మరి బిగించి పడితే ఏమవుతుందన్నాను. వచ్చింది వెనక్కి పోతుంది. కాసేపాగి మళ్ళీ వచ్చి అడుగుతుంది. మళ్ళీ కాదంటే మళ్ళీ వెనక్కి. అలా అడిగి అడిగి ఒకనాటికి పేగు అడగడం మానేస్తుంది. ఇంట్లో గొలుసేసి, వేళకి బయటికి తీసుకెళ్ళకుండా పెంచే కుక్కల్లో ఇది చూస్తామంది. నిండినా ఇక వాటికి తెలియదట.

"గ్యాస్ పాసయ్యిందామ్మా?" సిస్టర్ పార్వతి గుమ్మంలోంచే అడిగింది. వరండాలో ఉన్నవాళ్ళకి కూడా వినపడే గొంతు. మా ఆవిడ గోడ వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. ధర్మరాజు గారు సెలైన్ బొట్లు లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు. "మోషనెలాగూ లేదు. గ్యాసన్నా పోవాలి కదమ్మా. బిగబట్టుకోకూడదు. ఆ చూయింగ్ గమ్ నములుతున్నారా?" నములుతోంది. నమిలితే తిండి వస్తోందనుకుని పేగు లేస్తుందని డాక్టరు గారే ఇప్పించారు. నిన్న మొదటిసారి నమిలినప్పుడు, "గేదెని చేసేరా నన్ను" అని నవ్వబోయి, కుట్లు లాగితే పొట్ట పట్టుకుంది. ఇవాళ నవ్వు లేదు. పార్వతి వెళ్తూ వెళ్తూ, "పెద్దాయనా, కాస్త బయట కూర్చోండి, పేషెంటుకి గాలాడాలి" అంది. "ఆయ్, అలాగేనండి" అని ధర్మరాజు గారు లేచి, కుర్చీని మూరెడు వెనక్కి జరిపి, మళ్ళీ కూర్చున్నారు. పార్వతి నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

భోజనానికి పిలిచినా రాలేదు.

"చెల్లెమ్మగారు గొంతు తడుపుకోకుండా నేను మెతుకు ముట్టుకుంటానా అండి బావగారు. ఆవిడ నోట్లో నీళ్ళు పడ్డం కళ్ళారా చూసే లేస్తాను. మా ఇంట్లో చెప్పే వచ్చేను."

"మీరు తినండి అన్నయ్యగారూ" అని మంచం మీంచి పీలగా వినపడింది.

"మీరు మాటాడకండమ్మా, నీరసం. నా గురించి మీకెందుకండి."

మనిషి మంచివాడు. అందులో అనుమానం లేదు. మంచివాడు కాకపోతే ఇంత ఇబ్బందే ఉండేది కాదు, ఏదో అనేసి పంపేసేవాణ్ణి. ఆయన అలా కూర్చున్నాక, దుప్పటిలోంచి బయటికొచ్చిన మా ఆవిడ కుడికాలి బొటనవేలు ముడుచుకోవడం చూశాను. మంచం ఇనప అంచు మీద బొటనవేలు తెల్లబడేదాకా నొక్కింది. నమలడం ఆగింది. ఊపిరి ఆగింది. కళ్ళు ఒక్కసారి కుర్చీ వైపు వెళ్ళి గోడకి తిరిగొచ్చాయి. కాసేపటికి వేలు వదులైంది, మళ్ళీ నమలడం మొదలెట్టింది. అమ్మాలని ఉండీ దవడ బిగించుకు కూర్చున్న రైతుల్ని ఎంతమందిని చూశాను. నోరు ఏమన్నా, కాలివేళ్ళు నిజం చెబుతాయి. నొప్పేమో అనుకున్నాను మొదట. నొప్పయితే కళ్ళు మూసుకుంటుంది, కుర్చీ వంక చూడదు. కొంతసేపాగి మళ్ళీ అదే. అప్పుడు తెలిసింది. వస్తోంది. వచ్చి అడుగుతోంది. ఈవిడ కాదంటోంది. వియ్యంకుడు గారి ఎదురుగా.

లెక్క కాగితం లేకుండానే తేలిపోయింది. ఆయన లేస్తే గానీ గాలి పోదు. గాలి పోతే గానీ నీళ్ళు లేవు. ఆవిడ నీళ్ళు తాగితే గానీ ఆయన లేవరు. ఇద్దరూ మర్యాదస్తులే. ఎవరి వైపూ తప్పు లేదు. ఇలా తప్పు లేని చోటే వ్యాపారం దివాలా తీస్తుంది. పైగా ఇందాకటి కన్నా ఇప్పుడు బొటనవేలు ముడుచుకోవడం తక్కువసేపు, మధ్యన ఎడం ఎక్కువ. అడగడం తగ్గుతోంది. ఎండ మంచం దాటి గోడ మొదట్లోకి వచ్చింది. డాక్టరు గారు వచ్చి, పోలేదు కదా అని కాగితం రాసేస్తే అంబులెన్సు, కాకినాడ, మత్తు, మళ్ళీ బెదిరిన పేగు. గాలి కోసం కోత. బావగారూ, తమరు లేస్తే మా ఆవిడ గాలి వదులుతుందండి అని చెప్పడానికి వాక్యం నా దగ్గర తయారుగానే ఉంది. పలికితే నా కన్నా ముందు అది రాజోలు చేరుతుంది. యామిని ఆ ఇంట్లో వంట చేసినన్నాళ్ళూ ఎవరో ఒకరు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటూనే ఉంటారు. పార్వతి చేత చెప్పిస్తే మూరెడు జరిగారు. ఇంకోసారి చెప్పిస్తే ఇంకో మూర. ఆ లెక్కన గుమ్మం చేరేసరికి తెల్లారుతుంది.

ఆయన్ని నేను లేపలేను. లేపగలిగింది ఒకటే ఉంది, అది ఆయన లోపలే ఉంది. లేగదూడ పాలు తాగి మూతి నాకుకునేలోపే తోక ఎత్తుతుంది. పొట్టలో ఏదన్నా పడగానే, కొత్త సరుకొస్తోంది, చోటు ఖాళీ చెయ్యమని కింది పేగుకి కబురెళ్తుందని సత్యశ్రీ అంది. నాకు పొద్దున్న కాఫీ చేసే పని అదే. ఆయన తెల్లారకుండా బస్సెక్కారు. ఏమీ ముట్టలేదు. కదలకుండా కూర్చున్నారు.

"బావగారూ, భోజనం సరే. ఉపవాసానికి కాఫీ అడ్డం రాదు కదండీ."

ఆయన కాస్త ఆలోచించారు. "ఆయ్, కాఫీ అయితే పరవాలేదండి. దాన్ని తిండి కింద ఎవరు లెక్కేస్తారు."

"పండు?"

"పండూ ఉపవాసానికి చెల్లుతుందండి."

ఎదురుగా హోటల్లో చిక్కగా, పొగలు కక్కేటట్టు పెద్ద గ్లాసుతో తెచ్చాను. రెండు చక్కెరకేళీలు పట్టుకొచ్చాను. చల్లారితే బాగుండదండీ అని దగ్గరుండి తాగించాను. వియ్యంకుడికి ఇంతగా మర్యాద చేసేవాళ్ళు లేరని ఆయన అనుకునే ఉంటారు. మా ఆవిడ మాత్రం నా వంక అదోలా చూసింది. నేను సరుకు మీద చెయ్యేసి ఊరుకున్నప్పుడు నా మనసులో ఏదో ఉందని ఆవిడకి తెలుసు.

ధర్మరాజు గారికి కాఫీతో మాట వచ్చింది. అంతర్వేది తీర్థానికి ఈసారి మనందరం కలిసి వెళ్దామండి, చెల్లెమ్మగారు కోలుకున్నాక, సముద్రం ఆ ఒడ్డున ఎలా కోసుకుపోతోందో చూడాలి, పోయినసారి మేం నిలబడ్డ చోట ఇప్పుడు నీళ్ళేనండి, అన్నారు. చెబుతూ చెబుతూ ఆగారు. కాలు మీద కాలు తీశారు. మళ్ళీ వేశారు. "నీళ్ళేనండి" అని ఇంకోసారి అని ఊరుకున్నారు. నుదుటి మీద సన్నగా చెమట. చూపు గదిలోనే ఉన్న బాత్‌రూము తలుపు మీదికి వెళ్ళి, అది మంచానికి జానెడు దూరంలో ఉందని చూసుకుని, సెలైన్ సీసాకి వెళ్ళిపోయింది. ఇటు మా ఆవిడ బొటనవేలు ముడుచుకుంది. అటు ఆయన చెప్పులోంచి బొటనవేలు నేలని నొక్కింది. ఇద్దరు పెద్దమనుషులు, ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఒకే బరువు మోస్తున్నారు. నవ్వు రావాలి. రాలేదు. బతుకంతా ఇలాగే గడిపామేమో మా ఈడు వాళ్ళం అనిపించింది. లోపలిది అడుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఎవరో ఒకరు కుర్చీ వేసుకుని కూర్చునే ఉంటారు.

"బావగారూ, కింద మందుల కొట్టు దాకా వస్తారా? ఈ చీటీ నాకు సరిగా ఆనడం లేదు."

"పదండి, పదండి" అంటూ నా కన్నా ముందు గుమ్మం దాటారు. మెట్లు ఆయన వయసుకి తగని జోరుగా దిగారు. మందుల కొట్టు వైపు ఆయనా తిరగలేదు, నేనూ తిప్పలేదు. మెట్ల వెనకాల సందులో తలుపు చూపించాను. కండువా తీసి నా చేతికిచ్చి, లోపలికెళ్ళి గడియ వేసుకున్నారు. ఇది మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. రేపు యామినిని చూడ్డానికి వెళ్తే ఆయన నాకు ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించమంటారు, అంతే.

పరుగున పైకి వచ్చాను. ఎండ గోడ మీద జానెడు ఎక్కింది. ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాను. ఇంక అడ్డం లేదు కనక ఇప్పుడో ఇంకాసేపటికో అయిపోవాలి. బొటనవేలు చూశాను. ముడుచుకునే ఉంది. ముఖం చూశాను. గోడ వంక చూస్తోంది. ఏమీ కాలేదు. వేలు వదులైంది. ఊరికే వదులైంది. అడగడం మానేసిందా? లెక్క తప్పానా, నిజంగానే దారి లేదా?

"ఏవండీ."

"ఊఁ."

"అన్నయ్యగారు?"

"కింద ఉన్నారు. ఇప్పుడే రారులే."

దుప్పటి అంచు వేళ్ళతో మడత పెట్టింది, విప్పింది.

"మీరు కూడా కాస్త అలా వెళ్ళరా" అంది, గోడతో.

లేచాను. ఒకణ్ణి తీసేస్తే సరిపోతుందనుకున్నాను. మిగిలిన వాణ్ణి లెక్కలో వేసుకోనే లేదు. పెళ్ళయిన కొత్తలో కొత్తపేటలో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఈవిడ బాత్‌రూముకి వెళ్తే కుళాయి పూర్తిగా తిప్పేసేది. బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోయేవి. నీళ్ళు వృథా, కరెంటు వృథా అని నేను బయట నుంచి కేకలేసేవాణ్ణి. సొంత ఇల్లు కట్టుకున్నా, పిల్ల పుట్టి పెద్దదై పెళ్ళయి వెళ్ళిపోయినా, నిన్నమొన్నటి దాకా ఆ కుళాయి అలా పారుతూనే ఉంది. పాతికేళ్ళు దాటింది, నాకు వినపడకూడదనుకున్న చప్పుడు మీద ఆవిడ నీళ్ళు పోస్తూనే ఉంది. నేను నీళ్ళకే లెక్క కట్టాను.

తలుపు దగ్గరగా వేశాను. గుమ్మం పక్కన నిలబడితే నిలబడ్డట్టు ఆవిడకి తెలిసిపోతుంది. అందుకని చెప్పులతో గట్టిగా చప్పుడు చేసుకుంటూ వరండాలో నడిచాను. దూరంగా వెళ్తున్నట్టు వినపడాలి. చివరి కిటికీ దాకా వెళ్ళాను. కింద రోడ్డు మీద ఆటోలు, వంతెన వైపు పోయే బస్సు హారను, ఇంత గోల ఉన్నందుకు మొదటిసారి సంతోషించాను. పార్వతి మందుల పళ్ళెంతో మా గది వైపు పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకండీ అన్నట్టు చూసి, నా ముఖంలో ఏం కనపడిందో, ఆగింది. మెట్ల మీద ధర్మరాజు గారు తేలికగా ఎక్కి వస్తున్నారు. ఆయన్నీ అక్కడే ఆపాను. ముగ్గురం వరండా చివర నిలబడ్డాం.

"ఏవండీ." తలుపు వెనక నుంచి. ఇన్నాళ్ళకి ఆవిడ గొంతు ఇల్లు పట్టేంత పెద్దదిగా వచ్చింది. "డాక్టరమ్మగారిని కనుక్కోండి, మంచినీళ్ళు తాగొచ్చేమో."

నేను గదిలోకి వెళ్ళలేదు. కండువా ధర్మరాజు గారి భుజం మీద వేసి, తిన్నగా డాక్టరు గారి గది వైపు నడిచాను.